విత్తనంతో పాటు ఇంకేం పోతోంది?

కదిరి దగ్గర మా మామకు పోయినేడు ఒక ఆర్డర్ వచ్చింది. (జిల్లా పేరు మారింది గానీ మా నోటికి అది ఇంకా అనంతపురమే.) ఆఫ్రికాలో ఒక దేశానికి విత్తన చెనిక్కాయలు (వేరుశనగ) పంపాలి, మధ్యలో ఒక ఏజెంటు. కాయ పీకి, ఎండబెట్టి, తాలు ఏరి, గోనెసంచుల్లో నింపి సిద్ధంగా కూర్చున్నాక ఆ దేశం వాళ్ల ఇంపోర్ట్ పర్మిట్ కాపీ చేతికొచ్చింది. అందులో ఒక లైను ఉంది: పైరు పొలంలో ఉండగానే అధికారి వచ్చి చూసి, ఫలానా వైరస్ లేదని రాసివ్వాలి. పైరెక్కడుంది? కాయ పీకేశాక మిగిలిన కట్టె కూడా ఎద్దులు తినేశాయి.

“ఏమప్పా, విత్తనం ముత్యాల మాదిరి ఉంది, మొలక నూటికి తొంబై వస్తాంది, ఇంగేం గావాలంట వాళ్లకి?” అని ఫోన్లో ఒకటే గోల.

మామ అడిగిన దాంట్లో తప్పేం లేదు. మనకు మంచి విత్తనం అంటే మొలిచే విత్తనం, అంతే. కానీ మొలక శాతం అమ్మేవాడికీ కొనేవాడికీ మధ్య లెక్క. అవతలి దేశం అడిగేది వేరే: ఈ విత్తనంతో పాటు మా నేలకు ఇంకేం వస్తోంది? దీనికి జవాబు చెప్పే కాగితం ఫైటోశానిటరీ సర్టిఫికెట్, వ్యాపారుల భాషలో ‘ఫైటో’. 1951లో కుదిరిన అంతర్జాతీయ మొక్కల రక్షణ ఒప్పందం నుంచి పుట్టిందది, అందుకే ఏ దేశంలో చూసినా దాదాపు ఒకే నమూనాలో ఉంటుంది. తమాషా ఏంటంటే అది కొనేవాడి పేరుమీద రాసే ఉత్తరం కాదు. ఒక దేశపు మొక్కల రక్షణ సంస్థ ఇంకో దేశపు మొక్కల రక్షణ సంస్థకు రాసేది. అందుకే ప్రైవేటు ల్యాబ్ ఎంత గొప్పదైనా దాని రిపోర్టు ఫైటో కాదు. మన దేశంలో ఫరీదాబాద్ కేంద్రంగా ఉన్న మొక్కల రక్షణ డైరెక్టరేట్ వ్యవస్థ కింద, అధికారం ఉన్న ఆఫీసరే సంతకం పెట్టాలి. ఇంకోటి, అఫ్లాటాక్సిన్ గొడవను దీంతో కలపొద్దు. బూజు పట్టిన పప్పులోని విషం మనిషి ఆరోగ్యం సంగతి, దానికి వేరే పరీక్షలు, వేరే కాగితాలు. ఫైటో అడిగేది మొక్క ఆరోగ్యం గురించి మాత్రమే.

సరే, పైరు మీదే ఎందుకు చూడాలి? వైరస్ విత్తనంలో కూర్చుంటే కంటికి కనబడదు కాబట్టి. పీనట్ స్ట్రైప్ వైరస్ ఉందనుకోండి, గింజ నున్నగా, గులాబీ రంగులో, పక్కనున్న ఆరోగ్యమైన గింజలాగే ఉంటుంది, మొలుస్తుంది కూడా. మొలిచాకే లేత ఆకు మీద ముదురు ఆకుపచ్చ చారలు తేలతాయి. అక్కణ్ణుంచి పేనుబంక అనే చిన్న పురుగు పని. ఆ మొక్క రసం పీల్చి పక్క మొక్క మీద వాలితే చాలు, నిమిషాల్లో అంటించేస్తుంది. సాళ్ల మధ్య 30 సెంటీమీటర్లు, మొక్కల మధ్య 10 సెంటీమీటర్లు లెక్కన ఎకరాకు దాదాపు లక్షా ముప్పై వేల మొక్కలు. నూటికి ఒక్క గింజలో వైరస్ ఉన్నా ఆ ఎకరంలో పదమూడు వందల మొక్కలు రోగంతోనే పుడతాయి, అదీ చేనంతా చల్లినట్టు అక్కడక్కడా. ఇక పేనుబంకకు దూరం పోయే పనే లేదు.

ల్యాబ్‌లో పట్టుకోలేమా అంటే, పట్టుకోవచ్చు, కానీ లెక్క చూడండి. వెయ్యికి ఒక గింజలో రోగం ఉన్న లాటు నుంచి 400 గింజలు తీసి పరీక్ష చేస్తే, ఒక్క రోగపు గింజ కూడా శాంపిల్‌లో పడకుండా తప్పించుకునే అవకాశం నూటికి 67. అంటే మూడింట రెండుసార్లు మోసపోతాం! అదే 3000 గింజలు తీస్తే ఆ అవకాశం నూటికి 5కి పడిపోతుంది. టమోటా విత్తనాల్లో బ్రౌన్ రుగోస్ వైరస్ కోసం చాలాచోట్ల 3000 గింజలు పరీక్షించడం ఇందుకే. టమోటా గింజలు మూడు వేలంటే గుప్పెట్లో పడతాయి, చెనిక్కాయ గింజలు మూడు వేలంటే కిలో దాటిపోతుంది, అయినా తప్పదు. అప్పటికీ నూటికి ఐదు మిగిలే ఉంటుంది. ఆ మిగిలిన అనుమానాన్ని ఇంకా తగ్గించడానికే పొలం తనిఖీ. 2017లో విత్తనాల కోసమే ప్రత్యేకంగా వచ్చిన అంతర్జాతీయ ప్రమాణం, ఐఎస్‌పీఎమ్ 38, కూడా పొలంలో చూడటం, ల్యాబ్‌లో పరీక్షించడం, మందు పట్టించడం అన్నింటినీ లెక్కలోకి తీసుకుంటుంది.

పురుగుల సంగతి ఇంకో కథ. ఓ చెనిక్కాయను వెలుతురులో పట్టుకుని చూడండి. బుడిపెల మధ్య ఆవగింజ కన్నా చిన్న తెల్ల చుక్క కనిపిస్తే అది కాయ తొలిచే పురుగు గుడ్డు కావచ్చు. అందులోని పిల్ల గుడ్డు కిందనే డొల్లకు బొక్క పెట్టి లోపలికి దిగిపోతుంది, కాబట్టి బయటికి ఏమీ తెలియదు. లోపల గింజను తిని బలిశాక గుండ్రటి కన్నం చేసుకుని బయటపడి, కాయకు అంటుకునేలా పల్చటి కాగితం లాంటి గూడు కట్టుకుంటుంది. దీని శాస్త్రీయ నామం కారియెడాన్ సెరాటస్. దీనికి చింతకాయ కూడా ఇష్టమే. హిందూపురం చింతపండు మార్కెట్, కదిరి చెనిక్కాయ, రెండూ ఒకే లారీ దారిలో ఉన్న ఊళ్లు మనవి, చింతపండు బస్తాల పక్కనే చెనిక్కాయ బస్తాలు వేసే గోడౌన్లూ మనవే! ఈ పురుగు కనబడిందనే 2015లో వియత్నాం మన దేశపు వేరుశనగను కొంతకాలం ఆపేసింది.

దీనికన్నా మొండిది ఖాప్రా పురుగు. దీని పిల్ల గోడౌన్ గోడ పగుళ్లలో దూరి, తిండి లేకుండా నెలల తరబడి నిద్రపోగలదు. 1953లో కాలిఫోర్నియాలో బయటపడితే, గోడౌన్లకు గోడౌన్లనే టార్పాలిన్లతో చుట్టేసి లోపల మిథైల్ బ్రోమైడ్ వాయువు పట్టించారు. ఈ వాయువు ఓజోన్ పొరను దెబ్బతీస్తుందని మాంట్రియల్ ఒప్పందం కింద చాలావరకు ఆపేశారు, క్వారంటైన్ పనికి మాత్రం మినహాయింపు ఉంచారు. విత్తనంలో తేమ ఎక్కువుండి, గ్యాస్ మోతాదు మించితే మొలకే చచ్చిపోతుంది. పురుగు పోయింది సరే, మామ చెప్పే తొంబై శాతమూ పోతుంది. మట్టిబెడ్డల గురించి చెప్పేదేముంది, సంచిలో ఒక్క బెడ్డ దొరికినా సరుకు ఆపేసే దేశాలున్నాయి.

ఇదంతా పెద్ద దేశాల పెత్తనం అని కొట్టిపారేసేవాళ్లు మా ఊళ్లో ఉన్నారు. నేనూ కొన్నాళ్లు అలాగే అనుకున్నా. కానీ ఇలా అనే హక్కు మిగతా జిల్లాల వాళ్లకు ఉందేమో గానీ అనంతపురం వాళ్లకు లేదు. 2000 ఖరీఫ్‌లో ఇక్కడి చెనిక్కాయ చేలల్లో మొవ్వ ఎండి, కాండం నల్లబడి, మొక్క మొక్కే చచ్చిపోయింది. దాదాపు 2.25 లక్షల హెక్టార్లు దెబ్బతిన్నాయి, నష్టం 300 కోట్లు దాటింది. టొబాకో స్ట్రీక్ అనే వైరస్ చేసిన పని అది. అంత వైరస్ ఎక్కణ్ణుంచి వచ్చిందని వెతికితే గట్ల మీది వయ్యారిభామ దొరికింది. ఆ కలుపుకు వైరస్ సోకినా రోగం కనబడదు. దాని పుప్పొడిలో వైరస్ ఉంటుంది, ఆ పొడిని తామర పురుగులు ఒంటికి పూసుకొచ్చి చెనిక్కాయ ఆకును గీకినప్పుడు ఆ గాయంలోంచి లోపలికి దిగుతుంది. మరి వయ్యారిభామ మనదా? కాదు, అమెరికా ఖండాల మొక్క. మన దేశంలో 1950లలో పుణె దగ్గర కంటబడింది, దిగుమతి ధాన్యంతో కలిసి వచ్చిందని చాలామంది చెబుతారు. ఎవరూ గమనించని గింజలు కొన్ని, నలభై ఏళ్లు దాటాక అనంతపురం రైతు మీద పడ్డాయి.

అమెరికాలో కూతురి దగ్గరికి వెళ్లే మా అత్త సూట్‌కేసులో గోరుచిక్కుడు, బీర విత్తనాలు చీర మడతల్లో పెట్టుకుని పోతానంటే ఇదే చెప్పా. గుప్పెడైనా సరే, అక్కడి రూల్ ప్రకారం విత్తనానికి ఫైటో కావాలి, లేకపోతే అంతకుముందే తీసుకున్న చిన్న మొత్తాల పర్మిట్ అయినా ఉండాలి, అదీ ప్యాకెట్‌కు 50 గింజలో, 10 గ్రాములో మించకుండా. అత్త నా వైపు చూసిన చూపు ఇక్కడ రాయలేను.

మామ లాటు చివరికి నూనె మిల్లుకు పోయింది. ఈ ఏడు ఏజెంటును నమ్మకుండా, పర్మిట్ కాపీ ముందే తెప్పించుకుని, అందులో ప్రతి లైనూ నాతో చదివించుకుని, తర్వాతే విత్తనం వేశాడు. పైరుకు ఇప్పుడు నలభై రోజులు. ఆఫీసరు వచ్చేది వచ్చే వారం. దురద తట్టుకోలేక నిండు చేతుల చొక్కా తొడుక్కుని, గట్ల మీది వయ్యారిభామను పూత రాకముందే పీకించి కుప్పేస్తున్నాడు.