అపోహలు – వాస్తవాలు: పద్దెనిమిదేళ్లు నిండితే హోమ్ పిల్లలకు ఇక ఎవరూ లేనట్టేనా?

బాలల సదనంలో పెరిగి, ఇప్పుడు అలాంటి సదనాల నుంచి బయటికి వచ్చే యువతీయువకుల తరఫున పనిచేస్తున్న నాకు ఏటా ఇంటర్ పరీక్షలు ముగిసే వేళకు ఒకే ప్రశ్న ఎదురవుతుంది: "అక్కా, వచ్చే నెలకు నాకు పద్దెనిమిది నిండుతాయి. ఇక మా సంగతి ప్రభుత్వానికి పట్టదట కదా?" ఆ భయాన్ని పిల్లల మనసులో నాటినవారిలో కొన్నిచోట్ల సదనాల సిబ్బందే ఉండటం నాకు కోపం తెప్పిస్తుంది.

అపోహ: పద్దెనిమిది నిండిన రోజే చట్టం బాధ్యత ముగిసిపోతుంది.

వాస్తవం: ముగియదు. 2015 బాల న్యాయ చట్టంలోని 46వ సెక్షన్ సదనం విడిచి వెళ్లేవారికి ఆర్థిక సాయం అందించే వీలు కల్పించింది. ఆ చట్టం కింద వచ్చిన 2016 నమూనా నియమాల్లోని 25వ నియమం ప్రకారం ఆఫ్టర్ కేర్, అంటే సదనం విడిచాక అందే తోడ్పాటు, 21 ఏళ్ల వరకు, ప్రత్యేక పరిస్థితుల్లో ఆపైన మరో రెండేళ్లు కొనసాగవచ్చు. ఆరు నుంచి ఎనిమిది మంది కలిసి ఉండే తాత్కాలిక వసతి, పైచదువులకు ఉపకారవేతనం, వృత్తి శిక్షణ, కౌన్సెలర్ తోడు ఆ నియమంలో ఉన్నవే. బాలల సంరక్షణకు కేంద్ర ప్రభుత్వం నడిపే మిషన్ వాత్సల్య పథకం మార్గదర్శకాలు ఇందుకు నెలకు 4,000 రూపాయలు నిర్దేశించాయి.

అయితే ఇది అడగకుండా ఇంటికి వచ్చే సాయం కాదు, జిల్లాలో బాలల సంరక్షణపై నిర్ణయాలు తీసుకునే బాలల సంక్షేమ సమితి ఉత్తర్వు ఉండాలి. బిడ్డ సదనం విడవడానికి రెండు నెలల ముందే కేస్ వర్కర్ గానీ బాలల సంక్షేమ అధికారి గానీ తదుపరి ప్రణాళిక రాసి సమితికి సమర్పించాలి. ఆ కాగితం రాయకపోవడం వల్ల చదువులు ఆగిపోయినవారిని నేను చాలామందిని చూశాను. పాలిటెక్నిక్ చదువుతున్న ఒక అమ్మాయిని పద్దెనిమిది నిండగానే, ఏనాడూ చూడని దూరపు మేనమామ ఇంటికి పంపేశారు. కొన్ని నెలలకే ఆమె చదువు మాని బట్టల దుకాణంలో పనికి కుదిరింది. మేము కలిసేనాటికి ఆమెకు ఇంకా 21 నిండలేదు కనుక జిల్లా బాలల పరిరక్షణ విభాగం ద్వారా సమితి ముందుకు వెళ్లి, ఉత్తర్వు తెచ్చుకుని, ఆగిన సెమిస్టర్ నుంచే ఆమెను మళ్లీ కళాశాలలో చేర్పించగలిగాం. బయటికి వచ్చేశాక ఇక దారి లేదనుకునే తమ్ముళ్లు, చెల్లెళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. వెళ్లేటప్పుడు ఆధార్, బ్యాంకు పుస్తకం, సమితి ఉత్తర్వుల నకళ్లు అడిగి మరీ తీసుకోండి.

మా బృందం అధికారులను పదే పదే కోరుతున్నది కూడా ఇదే. ఈ ప్రణాళికను చివరి రెండు నెలల్లో హడావిడిగా కాక, పదహారో ఏట నుంచే, ఆ బిడ్డను ఎదురుగా కూర్చోబెట్టుకుని రాయాలి.

అపోహ: హోమ్‌లో ఉన్నవారంతా అనాథలే.

వాస్తవం: తల్లో తండ్రో ఉండి, పేదరికం వల్లనో జబ్బు వల్లనో సదనానికి చేరినవారు ఎందరో ఉన్నారు.

అపోహ: ఫోస్టర్ కేర్ అంటే దత్తత.

వాస్తవం: కాదు. అది సమితి ఉత్తర్వుతో బిడ్డ ఒక కుటుంబంలో తాత్కాలికంగా పెరిగే ఏర్పాటు. 2024 మార్గదర్శకాల ప్రకారం 35 నుంచి 60 ఏళ్ల మధ్య ఒంటరి వ్యక్తులు కూడా ఈ బాధ్యత తీసుకోవచ్చు. రెండేళ్ల తరువాత దత్తతకు దరఖాస్తు చేసుకునే వీలుంది.

అపోహ: హోమ్‌లో పెరిగినవారు వ్యవస్థను ప్రశ్నించడం తిన్న ఇంటి వాసాలు లెక్కపెట్టడమే.

వాస్తవం: ఈ మాట నా ముఖం మీదే అన్నవారున్నారు. ఆ ఇంటి కప్పు ఎక్కడ కురుస్తుందో అందులో పెరిగినవారికే తెలుస్తుంది. అనాథాశ్రమంలో పెరిగిన అమృతా కర్వందే పోటీ పరీక్షలో తనకు ఎదురైన ఇబ్బందిని నాటి ముఖ్యమంత్రి దేవేంద్ర ఫడ్నవీస్ ముందు పెట్టిన తరువాత, 2018లో మహారాష్ట్ర ప్రభుత్వం అనాథలకు విద్య, ఉద్యోగాల్లో ఒక శాతం రిజర్వేషన్ కల్పించింది. ఆఫ్టర్ కేర్ నిబంధనలను సమీక్షించే ప్రతి సమావేశంలోనూ సదనాల్లో పెరిగిన ఇద్దరు ముగ్గురికి చోటు కల్పించాలని మేము కోరుతున్నాం.