పుటకీ పుట్టకీ మధ్య ఉన్న నిశ్శబ్దం

"పుట" అని పైకి అనండి. ఇప్పుడు "పుట్ట" అనండి. రెండోసారి అదనంగా ఏమైనా శబ్దం చేశారా? లేదు. నాలుక అంగిలికి ఆనుకుని గాలిని ఆపేసింది, మొదటిసారి కంటే కాస్త ఎక్కువసేపు అలాగే ఉండిపోయింది. ఉత్త 'ట' దగ్గర ఆగే సమయం సెకనులో పదోవంతుకు అటూ ఇటూగా ఉంటుంది. 'ట్ట' దగ్గర అది దాదాపు రెట్టింపవుతుంది. ఆ కాసేపూ నోట్లోంచి ఏ శబ్దమూ రాదు. క్క, చ్చ, త్త, ప్ప అన్నీ ఇంతే. మ్మ, న్న, ల్ల లాంటివి వేరు, వాటిలో శబ్దం సాగుతుంది. కానీ పుస్తకంలో పేజీకీ, చీమలు పెట్టిన పుట్టకీ తేడా చెప్పేది మాత్రం ఒక చిన్న మౌనం.

నాకీ సంగతి ఒక ఫోన్ కాల్ వల్ల తెలిసింది. చూపు లేని విద్యార్థుల కోసం పాఠాలు చదివి, రికార్డు చేసి పంపుతుంటాను. డిగ్రీ చదివే ఒకమ్మాయి ఫోన్ చేసి, "మేడమ్, కొన్నిచోట్ల ఒత్తులు వినపడట్లేదు. వెనక్కి వెళ్లి మళ్లీ వినాల్సొస్తోంది" అంది. నా ఉచ్చారణ పాడైందేమోనని టెన్షన్ పడ్డాను. ఎడిట్ చేయని ఫైలు తీసి వింటే అందులో ఒత్తులన్నీ ఉన్నాయి. పోగొట్టింది ఎడిటింగ్. పాఠం నిడివి తగ్గుతుందని, ఖాళీలను వాటంతటవే కత్తిరించే టూల్ ఒకటి వాడాను, పైగా ఎంతసేపటి ఖాళీ ఉంటే కత్తిరించాలన్న పరిమితిని బాగా తక్కువకు పెట్టాను. ఊపిరి కోసం ఆగిన చోటూ, ఒత్తు కోసం ఆగిన చోటూ ఆ టూల్‌కి ఒకటే. అది మిగిల్చిన ఖాళీలను మా హాలు ఎకో నింపేసింది.

అప్పటినుంచి గొంతు మీద ఏ ఎఫెక్ట్ వేసినా ముందు ఒకటే చూసుకుంటున్నాను: ఇది మాటల్లోని ఖాళీని ఏం చేస్తోంది?

గది సంగతి ముందు చెప్పాలి, ఎందుకంటే తర్వాత ఏ సాఫ్ట్‌వేరూ దాన్ని పూర్తిగా బాగుచేయలేదు. శబ్దం గాలిలో సెకనుకు సుమారు 343 మీటర్లు వెళ్తుంది. మీటరున్నర దూరంలో ఉన్న గోడను తాకి వెనక్కి రావడానికి 9 మిల్లీసెకన్లు చాలు. అలా నాలుగు గోడల మధ్యా, నేలకూ పైకప్పుకూ మధ్యా తిరుగుతూ శబ్దం మెల్లగా చచ్చిపోతుంది. ఈ సాగుడునే భౌతికశాస్త్రంలో ప్రతినాదం అంటారు, స్టూడియోలో రివర్బ్ అంటారు. శబ్దం 60 డెసిబెల్స్ పడిపోవడానికి ఎంత సమయం పడుతుందన్నది దాని కొలత.

ఇక్కడ ఒక చిన్న లెక్క వేద్దాం. మార్బుల్ నేల, గాజు కిటికీలు ఉండి, సామాను పెద్దగా లేని హాల్లో ఆ సమయం ఒక సెకను అనుకుందాం. 'పుట్ట'లో మౌనం 0.15 సెకన్లు. అంతసేపట్లో 'పు' తోక 9 డెసిబెల్సే తగ్గుతుంది, అంటే ఖాళీ నిండా 'పు' ఇంకా మోగుతూనే ఉంటుంది. అదే 0.3 సెకన్లలో శబ్దం ఆరిపోయే గదిలో అయితే అది 30 డెసిబెల్స్ పడిపోతుంది. అప్పుడు మౌనం మౌనంలాగే వినపడుతుంది.

మరి అదే హాల్లో రోజూ కూర్చుని మాట్లాడుకుంటాం కదా, అప్పుడు ఎకో ఎందుకు వినపడదు? మనకు రెండు చెవులున్నాయి, వాటి వెనక ఒక మెదడుంది. జర్మనీలోని గ్యోటింగెన్‌లో హెల్మూట్ హాస్ 1949లో తన డాక్టరేట్ పరిశోధనలో ఈ విషయాన్నే పరిశీలించాడు. ఒక శబ్దం వెంటనే, సుమారు 30 మిల్లీసెకన్లలోపు, దాని నకలు వచ్చి చేరితే మనకు రెండు శబ్దాలు వినపడవు. మొదట చేరిన దిక్కు నుంచి ఒకే శబ్దం వచ్చినట్టు తోస్తుంది. గోడల నుంచి తిరిగొచ్చిన వాటిని మెదడు అలా సర్దేసుకుంటుంది. మైక్‌కి ఆ తెలివి లేదు. దానికి చేరినదంతా ఒకే గీతగా ఫైల్లో పడుతుంది. అందుకే రికార్డు చేసి వినేదాకా మన గది మనకు తెలియదు.

ఈ విషయంలో నాకు బాగా ఇష్టమైన కథ వాలెస్ సేబిన్‌ది. 1895లో హార్వర్డ్‌లో కొత్తగా కట్టిన ఫాగ్ మ్యూజియం ఉపన్యాస మందిరంలో ఏ మాటా అర్థమయ్యేది కాదు. అన్న ప్రతి మాటా ఐదున్నర సెకన్ల దాకా మోగేది. దీన్ని సరిచేయమని భౌతికశాస్త్రం చెప్పే కుర్ర అధ్యాపకుడు సేబిన్‌కు అప్పగించారు. ఆయన పక్కనున్న శాండర్స్ థియేటర్ కుర్చీల మెత్తలు అరువు తెచ్చుకుని, ఊరంతా నిద్రపోయాక ఒక ఆర్గన్ గొట్టం ఊది, అది వినపడడం ఎప్పుడు ఆగుతుందో గడియారంతో కొలిచేవాడు. కొన్ని మెత్తలు పరిచి ఒకసారి, మరికొన్ని పరిచి ఇంకోసారి, తెల్లారేలోపు అన్నీ తిరిగి థియేటర్లో పెట్టేవాడు. గది ఎంత పెద్దదైతే మోత అంత ఎక్కువసేపు ఉంటుందని, శబ్దాన్ని పీల్చే వస్తువులు ఎన్ని ఎక్కువుంటే అంత త్వరగా ఆరిపోతుందని తేల్చింది ఆ రాత్రులే. ఈనాటికీ హాళ్లు కట్టేవాళ్లు ఆయన సూత్రం వాడుతున్నారు.

సేబిన్ మెత్తలతో చేసిన పని మన ఇళ్లలో పరుపులు, బొంతలు చేస్తాయి. నేను ఇప్పుడు పడకగదిలో, బట్టలు నిండుగా ఉన్న చెక్క అల్మరా తలుపులు తెరిచి, దానికేసి తిరిగి చదువుతాను. వెనక గోడకు ఒక దూది పరుపు నిలబెడతాను. ఇనుప బీరువా ఉన్న గదైతే జాగ్రత్త, కొన్ని అక్షరాలకు అది కూడా మోగుతుంది.

మైక్ దూరం రెండో విషయం. నోటికి ఒక జానెడు దూరంలో ఉన్న మైక్‌ను రెండు జానల దూరానికి జరిపితే మన గొంతు 6 డెసిబెల్స్ పడిపోతుంది, గది మోత మాత్రం ఇంచుమించు అంతే ఉంటుంది. కాబట్టి దగ్గరగా ఉండడం మంచిదే. అయితే ఎదురుగా వచ్చే శబ్దాన్నే ఎక్కువగా తీసుకునే కార్డియాయిడ్ రకం మైకులు మరీ దగ్గరికి వెళ్తే బేస్‌ను పెంచేస్తాయి. గొంతుకు బరువు వస్తుందని దానికి చాలామంది ముచ్చటపడతారు. నావరకు పాఠం చదివేటప్పుడు ఆ బరువు అడ్డమే.

నోటి నుంచి వచ్చే గాలి విషయంలో మన భాష కొంత దయ చూపించింది. అరచేయి నోటి ముందు పెట్టుకుని "పలక" అనండి, తర్వాత ఇంగ్లీషులో "పెన్" అనండి. రెండోదానికి చేతికి గాలి కొడుతుంది. ఇంగ్లీషు మాటల మొదట్లో వచ్చే 'ప' గాలిని విసురుతుంది, మన 'ప' విసరదు. కానీ ఖడ్గం, ఘటం, భారతం అని స్పష్టంగా పలికేవాళ్లకు గాలి తప్పదు. మైక్‌ను మూతికి సూటిగా కాకుండా కాస్త పక్కకు పెట్టి, ముందు గాలి విసురును ఆపే జాలీ, అంటే పాప్ ఫిల్టర్ ఉంచితే ఆ దెబ్బ తప్పిపోతుంది.

ఇక కంప్యూటర్ ముందు కూర్చుందాం. మొదట ఈక్యూ, అంటే ఏ పౌనఃపున్యాలు ఎంత వినపడాలో సర్దే పని. ఖాళీలను నింపేవాటిలో కింది స్థాయి గొణుగుడు ఒకటి. మన కరెంటు 50 హెర్ట్జ్‌ది కాబట్టి ఫ్రిజ్, ఇన్వర్టర్, ట్రాన్స్‌ఫార్మర్ల గుయ్యిమనే మోత 50, 100 హెర్ట్జ్‌ల దగ్గర ఉంటుంది. 80 హెర్ట్జ్ కింద ఉన్నదాన్ని కోసేస్తే అందులో 50 హెర్ట్జ్ మోత చాలావరకు పోతుంది, గొంతుకు నష్టం ఉండదు. నిజానికి గొంతు అంతకంటే పైన కోసినా బతుకుతుంది. పాత టెలిఫోన్ లైన్ సుమారు 300 నుంచి 3400 హెర్ట్జ్ వరకే పంపేది. మగవాళ్ల గొంతు మూలస్వరం 100, 120 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది, అంటే అది ఫోన్లో రానే రాదు. అయినా నాన్న గొంతు నాన్న గొంతులాగే వినపడేది. మూలస్వరానికి రెట్లుగా పైన ఉండే స్వరాలను విని, కింద ఉండాల్సినదాన్ని మెదడే కట్టుకుంటుంది. కథల్లో ఫోన్ సంభాషణ కావాలంటే ఈ హద్దుల బయట ఉన్నదంతా కోసేస్తే చాలు.

జాగ్రత్త పడాల్సింది 2000, 3000 హెర్ట్జ్‌ల మధ్య. 'కల'కూ 'కళ'కూ మధ్య తేడాలో ముఖ్యమైన భాగం అక్కడే ఉంటుంది. నాలుక వెనక్కి మడిస్తే నోట్లో పుట్టే మూడో అనునాదం కిందికి దిగుతుంది, చెవి దాన్నే పట్టుకుని 'ళ' అని గుర్తుపడుతుంది. గొంతు గరుగ్గా ఉందని ఇక్కడ పెద్ద గుంట తవ్వితే ల, ళ కలిసిపోతాయి.

'స' బుసలు ఎక్కువగా 5000 హెర్ట్జ్ పైన ఉంటాయి. డీ-ఎస్సర్ అవి వచ్చినప్పుడు మాత్రమే ఆ భాగాన్ని తగ్గిస్తుంది. మరీ తగ్గిస్తే చదివేవాళ్లకు నాలుక మందం అయినట్టుంటుంది.

కంప్రెసర్ దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి. అది చేసే పని చెప్పడం తేలికే: ఒక గీత దాటి గట్టిగా వచ్చిన శబ్దాన్ని తగ్గిస్తుంది. నిష్పత్తి 4:1 అంటే, గీత మీదికి 4 డెసిబెల్స్ వచ్చినదాన్ని 1 డెసిబెల్ చేసి పంపుతుంది. తర్వాత మొత్తం లెవెల్ పెంచుకుంటాం. వాక్యం చివర నీరసించిపోయే మాటలు కూడా బస్సులో వినేవాళ్లకు అందుతాయి. మన వాక్యానికి క్రియ చివర్లో వస్తుంది, సరిగ్గా ఊపిరి అయిపోయే చోట. "చేయాలి" అన్నామో "చేయరాదు" అన్నామో అక్కడే తేలాలి. అందుకే తెలుగు చదువులో కంప్రెసర్ అవసరం నిజంగా ఉంది.

దీనికి మూల్యం ఖాళీలు చెల్లిస్తాయి. గట్టి మాటలను 6 డెసిబెల్స్ తగ్గించి మొత్తాన్ని 6 పెంచితే, మాటల మధ్య ఉన్న ఫ్యాన్ చప్పుడూ గది మోతా కూడా 6 పెరుగుతాయి. అందాకా 30 డెసిబెల్స్ లోతున్న మౌనం 24కు పూడిపోతుంది. గట్టి శబ్దం అయిపోయాక కంప్రెసర్ చేయి తీయడానికి పట్టే సమయాన్ని రిలీజ్ అంటారు. దాన్ని మరీ తక్కువకు పెడితే ప్రతి ఒత్తు మౌనంలోనూ లెవెల్ పైకి లేచి గది ఊపిరి తీసినట్టు వినపడుతుంది. 1960ల తొలినాళ్లలో అమెరికాలో జిమ్ లారెన్స్ తయారుచేసిన ఎల్‌ఏ-2ఏ అనే కంప్రెసర్ యంత్రం ఈ విషయంలో ఇప్పటికీ గొంతుల పనిలో ఇష్టంగా వాడబడుతోంది. శబ్దం పెరిగితే అందులో ఒక చిన్న పలక వెలుగుతుంది, ఆ వెలుగును చూసి ఒక కాంతి సెల్ లెవెల్‌ను దించుతుంది. ఆ సెల్ వెలుగును వెంటనే మరిచిపోదు. సగం త్వరగా వదిలి, మిగతా సగం కొన్ని సెకన్లపాటు మెల్లగా వదులుతుంది. అందుకే దానిలోంచి వచ్చిన గొంతు కుదుపుల్లేకుండా ఉంటుంది. దాని పనితీరును అనుకరించే సాఫ్ట్‌వేర్ ఇప్పుడు మామూలు ల్యాప్‌టాప్‌లోనే నడుస్తుంది.

ఖాళీలను శుభ్రం చేయడానికి నాయిస్ గేట్ ఉందిగా అంటారు. అది లెవెల్ పడిపోగానే తలుపు మూసేస్తుంది. మాటల మధ్య ఫ్యాన్ మాయమై, మాటతోపాటే మళ్లీ వస్తే చెవికి ఇంకా చిరాకు. పైగా తలుపు ఆలస్యంగా తెరుచుకుంటే 'ట్ట' చివర పేలే చిన్న చప్పుడు తెగిపోతుంది. పూర్తిగా మూయకుండా 8, 10 డెసిబెల్స్ మాత్రం దించే ఎక్స్‌పాండర్ మేలు. నాయిస్ రిడక్షన్‌ను కూడా కొద్దిగానే వాడాలి, ఎక్కువైతే గొంతు నీళ్లలోంచి వస్తున్నట్టు గుడగుడలాడుతుంది. నేను రికార్డింగ్ మొదట్లో అర నిమిషం మాట్లాడకుండా కూర్చుని గది నిశ్శబ్దాన్ని పట్టుకుంటాను. రెండు టేకులు అతికించిన చోట ఆ ముక్కే వేస్తాను. కంప్యూటర్ పుట్టించే ఉత్త సున్నా అక్కడ అతకదు.

ఇంత కష్టపడి తీసేసిన ఎకోను మళ్లీ కావాలని వేసే సందర్భాలూ ఉన్నాయి. 1947లో చికాగోలో బిల్ పట్నం స్టూడియో బాత్రూంలో స్పీకరూ మైకూ పెట్టి, పాటకు ఆ మోతను కలిపాడు. పదేళ్ల తర్వాత జర్మనీ కంపెనీ ఈఎంటీ ఒక పెద్ద ఉక్కు రేకును వేలాడదీసి, దాన్ని కంపింపజేసి రివర్బ్ పుట్టించింది. కథలో బావి అడుగు నుంచి ఎవరో పిలిచినప్పుడు రివర్బ్ కావాల్సిందే. అప్పుడు ప్రీ-డిలే అనే మీట నాకు ఉపయోగపడుతుంది. మాట బయటికొచ్చిన 50, 60 మిల్లీసెకన్లకు గానీ తోక మొదలవకుండా చేస్తే, మాట మొదలు శుభ్రంగా వినపడుతుంది.

వెనక సంగీతం విషయంలో నేను మొండిగా ఉంటాను. వీణ ముక్క ఎంత తీయగా ఉన్నా ఖాళీల్లోకి అది వచ్చి కూర్చుంటుంది. వెబ్‌సైట్లు వైకల్యం ఉన్నవాళ్లకూ అందేలా చేయడానికి రాసిన వెబ్ కంటెంట్ యాక్సెసిబిలిటీ గైడ్‌లైన్స్‌లో దీనికొక కొలత ఉంది: వెనక శబ్దం మాటకంటే కనీసం 20 డెసిబెల్స్ తక్కువుండాలి. వినికిడి తగ్గినవాళ్లను దృష్టిలో పెట్టుకుని రాసిన మాట అది. పెద్ద వయసువాళ్లందరికీ పనికొస్తుంది. ఇంకా వినపడకపోతే గొంతు పెంచకుండా, సంగీతంలోనే 2000 నుంచి 4000 హెర్ట్జ్ వరకు కొంచెం దించి చూడండి.

అన్నీ అయ్యాక పాఠాలన్నీ ఒకే గట్టిదనంలో ఉండేలా సర్దాలి. చెవికి సగటున ఎంత గట్టిగా వినపడుతుందో చెప్పే కొలతను ఎల్‌యూఎఫ్‌ఎస్ అంటారు, సున్నాకు ఎంత దగ్గరైతే అంత గట్టి. యూరప్ ప్రసారాలకు 2010లో మైనస్ 23 ఎల్‌యూఎఫ్‌ఎస్ అని ప్రమాణం పెట్టుకున్నారు. పాడ్‌కాస్ట్‌లు చేసేవాళ్లు సాధారణంగా మైనస్ 16 దగ్గర ఉంచుతారు. నేనూ అంతే.

చివరి పరీక్ష ఇంకొకటి ఆ అమ్మాయి వల్లే చేర్చుకున్నాను. తను పాఠాలను రెండింతల వేగంతో వింటుందట. తెరమీది రాతను చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌కు అలవాటుపడ్డ చెవులకు మామూలు వేగం మరీ నెమ్మది. ఆ వేగంలో 'ట్ట' మౌనం 0.15 నుంచి 0.075 సెకన్లకు తగ్గుతుంది. ఒక గట్టి శబ్దం విన్నాక చెవి తేరుకోవడానికి పట్టే సమయం మాత్రం మారదు. అంటే ఆ ఖాళీలో ఇక దేనికీ చోటు లేదు. అందుకే పంపేముందు ఫోన్ స్పీకర్లో, రెండింతల వేగంతో, కళ్లు మూసుకుని మొత్తం వింటాను. ఒత్తు దాటిపోయిన చోట ఆపి, మళ్లీ చదువుతాను.

మొన్న గోల్కొండ చరిత్ర పాఠం పంపాను. సాయంత్రానికి వాయిస్ మెసేజ్ వచ్చింది: "మేడమ్, ఈసారి అక్కన్న, మాదన్న ఇద్దరూ సరిగ్గా వినపడ్డారు."