డాక్టర్ల ఒప్పందాలు: అపోహలు - వాస్తవాలు

కార్పొరేట్ ఆసుపత్రుల్లో చేరబోయే వైద్యుల ఒప్పంద పత్రాలు చదివి సలహా చెప్పడం న్యాయవాదిగా నా పనిలో ఒక భాగం. వచ్చేవారిలో ఎక్కువమంది సంతకం పెట్టాకే వస్తారు. వాట్సాప్ గ్రూపులో ఎవరో చెప్పిన మాటనే చట్టమని నమ్మి వస్తారు.

అపోహ: మానేశాక రెండేళ్లపాటు పది కిలోమీటర్ల లోపు ప్రాక్టీసు చేయకూడదు.

వాస్తవం: 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ ప్రకారం, ఒక మనిషిని తన వృత్తి చేసుకోనివ్వని షరతు ఆ మేరకు చెల్లదు, కింద మీరు సంతకం చేసినా సరే. ఈ షరతుకు భయపడి మ్యాపులో దూరాలు కొలుచుకుని, పిల్లల బడి మాన్పించి విజయవాడ వెళ్లిపోదామని ఇంటి ఓనరుకు ఖాళీ చేస్తున్నట్టు చెప్పేసిన ఒక గ్యాస్ట్రో వైద్యుడు నాకు తెలుసు. ఆయన భయాన్ని నేను తప్పుపట్టను. ఆ షరతు రాసేదే భయపెట్టడానికి. అయితే ఉద్యోగంలో ఉండగా బయట ప్రాక్టీసు వద్దనడం వేరు, అది చెల్లుతుంది. సొంత నర్సింగ్ హోమును గుడ్‌విల్‌తో సహా అమ్మినవారికి కూడా చట్టంలోనే మినహాయింపు ఉంది, వారిపై సహేతుకమైన ఆంక్ష నిలుస్తుంది. పేషెంట్ల రికార్డులు పట్టుకుపోతే ఏ సెక్షనూ కాపాడదు.

అపోహ: అలాగైతే గడువుకు ముందే మానేస్తే డబ్బు కడతానని రాసిచ్చే బాండు కూడా చిత్తు కాగితమే.

వాస్తవం: కాదు. మూడేళ్ల లోపు మానేస్తే రెండు లక్షలు కట్టాలన్న విజయా బ్యాంకు షరతును సుప్రీంకోర్టు 2025లో సమర్థించింది. కాకపోతే అదే కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ కింద కోర్టు ఇప్పించేది సహేతుకమైన పరిహారమే; పత్రంలో రాసిన అంకె దానికి గరిష్ఠ పరిమితి మాత్రమే.

అపోహ: ఎంజీ (మినిమమ్ గ్యారంటీ) అంటే జీతం.

వాస్తవం: అది సాధారణంగా కొన్ని నెలలకే ఇచ్చే హామీ. ఆ తర్వాత వచ్చే వాటా బిల్లు మొత్తం మీదా, మందులు, ఇంప్లాంట్లు తీసేశాకా అన్నది రాతలో ఉండాలి. కన్సల్టెంటుగా తీసుకుంటే పీఎఫ్, గ్రాట్యుటీ ఉండవు.

అపోహ: ఇండెమ్నిటీ, అంటే వైద్యంలో పొరపాటు జరిగిందని కేసు వస్తే ఖర్చు భరించే బీమా, ఆసుపత్రి చూసుకుంటుంది.

వాస్తవం: మీరున్నంతవరకు చూసుకోవచ్చు. వినియోగదారుల కమిషన్లో ఫిర్యాదుకు రెండేళ్ల గడువు ఉంది, పాలసీలేమో చాలావరకు క్లెయిము వచ్చిన రోజున అమలులో ఉంటేనే పనికొస్తాయి. కాబట్టి మానేశాక వచ్చే కేసుల ఖర్చు ఎవరిదో చేరేముందే రాయించుకోండి, లేదా సొంత పాలసీ ఆపకుండా కట్టుకోండి. ‘మా ఫార్మాట్ మారదు’ అని హెచ్ఆర్ వారు అంటారు. అలాంటప్పుడు ఆ ఒక్క అంశాన్ని అనుబంధ లేఖగా ఇమ్మని అడగండి, సాధారణంగా ఇస్తారు.