కంప్యూటర్ సైన్స్ క్విజ్ టోర్నమెంట్: నిర్వాహకుల అపోహలు, అసలు వాస్తవాలు

నాలుగు స్లైడ్లు, ఒక మైకు, రెండు బజర్లు ఉంటే క్విజ్ అయిపోతుందని చాలామంది ధీమా. గంటసేపు సరదాకైతే అవి చాలు. ఇరవైనాలుగు జట్లు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఆడి, ఓడినవాళ్లు కూడా ఫలితాన్ని ఒప్పుకోవాలంటే లెక్క వేరే. బాగా తెలిసిన జట్టు ఏదో, కాస్త తక్కువ తెలిసిన జట్టు ఏదో న్యాయంగా తేల్చాలి. క్విజ్ ఉన్నదే అందుకు. కింది అపోహలన్నీ ఆ పనికి అడ్డుపడేవే.

అపోహ: ప్రశ్నలు ఎంత కఠినంగా ఉంటే టోర్నమెంట్ స్థాయి అంత పెరుగుతుంది.

ఎవరికీ రాని ప్రశ్నా, అందరికీ వచ్చిన ప్రశ్నా రెండూ ఒకటే. ర్యాంకుల మీద వాటి ప్రభావం సున్నా. ముప్పై ప్రశ్నల రాత ప్రిలిమ్స్ పెట్టి, 40 జట్లలోంచి ఆరింటిని ఫైనల్‌కు తీసుకోవాలనుకుందాం. అక్కడ తేలాల్సింది నాలుగో స్థానానికీ పదో స్థానానికీ మధ్య తేడా. అందుకని సగానికి పైగా జట్లు రాయగలిగే ప్రశ్నలు 10, పైవరుస జట్లలో సగానికి వచ్చేవి 15, ఒకటి రెండు జట్లకే తెలిసేవి 5 ఉంచితే మార్కులు విడివిడిగా పరుచుకుంటాయి. మొత్తం కఠినంగా పెడితే అందరికీ మూడు, నాలుగు, ఐదు మార్కులే వచ్చి, ఫైనల్‌కు ఎవరు వెళ్లాలన్నది మార్కులు సమానమైతే చూసే, స్టార్ గుర్తు పెట్టిన ఐదు టైబ్రేకర్ ప్రశ్నలు నిర్ణయిస్తాయి. కష్టపడి 30 ప్రశ్నలు రాసి, తీర్పు ఐదింటి చేతిలో పెట్టినట్టే.

బోనస్ ప్రశ్నలకూ (బజర్ ప్రశ్న గెలిచిన జట్టుకు అదనంగా ఇచ్చేవి) ఇదే సూత్రం. మూడు భాగాల్లో ఒకటి దాదాపు అందరికీ, ఒకటి సగం మందికి, ఒకటి బాగా చదివినవాళ్లకు మాత్రమే రావాలి. హాష్ టేబుల్ (కీని బట్టి విలువకు స్థానం కేటాయించే పట్టిక) మీద బోనస్ అయితే, రెండు కీలు ఒకే స్థానానికి రావడాన్ని ఏమంటారు (కొలిజన్) అన్నది సులువు. ఆ స్థానంలో లింక్డ్ లిస్ట్ పెట్టే పద్ధతి (చైనింగ్) మధ్యస్థం. రెండు హాష్ ఫంక్షన్లు వాడి, కొత్త కీ వచ్చినప్పుడు పాతదాన్ని గూట్లోంచి గెంటేసే పద్ధతి (కుకూ హాషింగ్) కఠినం.

అపోహ: బజర్ రౌండ్లో ప్రశ్న ఒక్క ముక్కలో అయిపోవాలి.

"గ్రాఫ్‌లో అతి తక్కువ దూరపు దారి కనిపెట్టే అల్గారిథమ్ ఎవరిది?" అని అడిగితే అన్ని జట్లకూ తెలుసు. గెలిచేది వేలు వేగం. అదే ప్రశ్నను పిరమిడ్‌లా, అరుదైన ఆధారంతో మొదలుపెట్టి తెలిసినదానికి దిగేలా రాస్తే ఇలా ఉంటుంది:

"1957లో పెళ్లి నమోదు చేసుకునేటప్పుడు వృత్తి 'ప్రోగ్రామర్' అని చెబితే ఆమ్‌స్టర్‌డామ్ అధికారులు ఒప్పుకోలేదని ఈ శాస్త్రవేత్త తన ట్యూరింగ్ ఉపన్యాసంలో చెప్పారు. చేత్తో రాసిన నోట్సుకు తన పేరులోని పొడి అక్షరాలతో వరుస సంఖ్యలు వేసేవారు. సెమఫోర్‌ను ప్రవేశపెట్టారు. గోటూ వాడకాన్ని విమర్శిస్తూ ఈయన రాసిన లేఖ 1968లో అచ్చయింది. 10 పాయింట్లకు, 1959లో ప్రచురితమైన షార్టెస్ట్ పాత్ అల్గారిథమ్ ఎవరి పేరుతో ఉంది?" జవాబు ఎడ్జర్ డైక్‌స్ట్రా.

ఎక్కువ తెలిసినవాళ్లు ముందు నొక్కుతారు. ఇందులో తరచూ జరిగే పొరపాట్లు రెండు. మొదటిది, "ఈయనకు ట్యూరింగ్ అవార్డు వచ్చింది" లాంటి, పదుల మందికి సరిపోయే ఆధారాన్ని ముందు పెట్టడం. ప్రతి వాక్యమూ ఒక్కరినే చూపించాలి. రెండోది, అడుగుతున్నది మనిషినా, డేటా స్ట్రక్చర్‌నా, భాషనా అన్నది చివరిదాకా దాచడం. "ఈ శాస్త్రవేత్త", "ఈ ప్రోటోకాల్" అన్న మాట మొదటి వాక్యంలోనే పడాలి. లేకపోతే తెలిసిన జట్టు కూడా ఏం చెప్పాలో తెలియక ఆగిపోతుంది.

అపోహ: ప్రశ్న సరిగ్గా ఉంటే చాలు, జవాబు ఒక్క మాటే కదా.

గొడవలు ఎక్కువగా పుట్టేది ఇక్కడే. ప్రతి జవాబు కింద మూడు వరుసలు రాసి ఉండాలి: దేన్ని ఒప్పుకోవాలి, దేనికి "ఇంకాస్త వివరంగా" అని అడగాలి, దేన్ని తప్పనాలి. హాష్ టేబుల్ జవాబైతే హాష్ మ్యాప్‌నూ ఒప్పుకోవాలి. "డిక్షనరీ" అంటే మరోసారి అడగాలి. "అర్రే" అంటే తప్పు. ఇది రాసి ఉండకపోతే ఒక గదిలో ఒప్పుకున్న జవాబును పక్క గదిలో కొట్టేస్తారు. పాయింట్లు పోయిన జట్టుకు అది తెలియడానికి భోజన విరామం చాలు.

"మొదటి కంప్యూటర్ ఏది?" అన్నది క్విజ్‌లో అడగకూడని ప్రశ్న. 1941 నాటి జడ్3 ప్రోగ్రామ్‌తో నడిచింది, కానీ రిలేలతో. కొలోసస్ ఎలక్ట్రానిక్, కానీ ఒకే రకం పనికి. ఎనియాక్‌ను 1946 ఫిబ్రవరిలో లోకానికి చూపించారు. మెమరీలో దాచిన ప్రోగ్రామ్‌ను మాంచెస్టర్ బేబీ 1948 జూన్ 21న నడిపింది. "మొదటి" అన్న మాట పక్కన విశేషణాలు పూర్తిగా లేకపోతే నలుగురూ నాలుగు సరైన జవాబులు చెబుతారు. కిలోబైట్ అంటే 1000 బైట్లా, 1024 బైట్లా అన్నదీ అంతే. 1024కు కిబిబైట్ అన్న పేరు 1998లోనే ప్రమాణమైంది కాబట్టి, ఏ లెక్కలో అడుగుతున్నారో ప్రశ్నలోనే చెప్పాలి. క్విక్‌సార్ట్‌కు (వరుసలో పేర్చే ఒక అల్గారిథమ్) పట్టే కాలం అడిగితే సగటునా (ఎన్ లాగ్ ఎన్), అతి చెడ్డ సందర్భంలోనా (ఎన్ స్క్వేర్) అన్నది ప్రశ్నలోనే ఉండాలి.

ఇక "బగ్ అన్న మాటను పుట్టించింది ఎవరు? గ్రేస్ హాపర్" అన్న ప్రశ్నను ఎక్కడ కనిపిస్తే అక్కడ తీసేయండి. మార్క్ 2 కంప్యూటర్‌లో దొరికిన చిమ్మట పురుగును దాని లాగ్‌బుక్‌లో అతికించింది 1947లో. ఎడిసన్ 1878 నాటి ఉత్తరంలోనే ఆ మాట వాడారు.

అపోహ: కోడ్ చూపించి అవుట్‌పుట్ అడగకపోతే అది కంప్యూటర్ సైన్స్ క్విజ్ కాదు.

కోడ్ ప్రశ్నలు బాగుంటాయి, కానీ స్క్రీన్ మీదే, రాత రౌండ్లోనే. బజర్ రౌండ్లో చదివి వినిపిస్తే ఎవరికీ అర్థం కాదు. ఎనిమిది వరుసలు దాటకూడదు. సున్నాకూ ఇంగ్లీషు 'O' అక్షరానికీ తేడా కనిపించే సమవెడల్పు ఫాంట్ వాడాలి. వెనక బెంచీలో కూర్చుని ముందే చదివి చూసుకోవాలి. భాష పేరు తప్పనిసరి: -7 % 2 (భాగహారంలో శేషం) విలువ సీలో, జావాలో -1 అయితే పైథాన్‌లో 1. సీలో ఒకే ఎక్స్‌ప్రెషన్‌లో ఒకే వేరియబుల్‌ను రెండుచోట్ల పెంచే ప్రశ్నలంటే పాత ప్రశ్నపత్రాలకు మహా ఇష్టం. ఆ కోడ్‌కు ప్రమాణం ప్రకారం నిర్దిష్టమైన ఫలితమే లేదు. మీ కంపైలర్‌లో వచ్చిన అంకె మీ కంపైలర్‌ది, అంతే.

అపోహ: ఫోన్ యాప్ ఉంటే బజర్ కొనక్కర్లేదు.

ఇద్దరు మంచి ఆటగాళ్లు నొక్కడంలో తేడా చాలాసార్లు పదుల మిల్లీసెకన్లే. వైఫై మీద ఒక ఫోన్ సందేశం ఇంకోదానికంటే అంతకు రెట్టింపు ఆలస్యంగా చేరడం మామూలే. ప్రాక్టీసుకు యాప్ పర్వాలేదు, ఫైనల్‌కు వద్దు.

మైక్రోకంట్రోలర్‌తో సొంతంగా బజర్ చేసుకునే కాలేజీలు చాలా ఉన్నాయి. మంచిదే. కానీ ప్రోగ్రామ్ ఒక్కో బటన్‌నూ వరుసగా చూస్తూ, లూప్ చివర 50 మిల్లీసెకన్ల డిలే పెడితే కొంప మునిగినట్టే. ఆ 50 మిల్లీసెకన్లలో ఎవరు ముందు నొక్కినా, వరుసలో మొదట ఉన్న బటన్‌కే దీపం వెలుగుతుంది. లూప్‌లో డిలే ఉండకూడదు. వీలైతే పోర్ట్ మొత్తాన్నీ, అంటే బటన్లన్నిటినీ, ఒకేసారి చదవాలి. బటన్ బౌన్స్‌తో (ఒక్క నొక్కుకే చాలాసార్లు తాకడం) ఇక్కడ ఇబ్బంది లేదు, ఎందుకంటే మొదటి తాకిడికే లాక్ అవుతుంది. పరీక్ష సులువు: అన్ని బటన్ల మీదా ఒక చదునైన చెక్క పెట్టి ఇరవైసార్లు నొక్కండి. ప్రతిసారీ ఒకే దీపం వెలిగితే బటన్ల చోట్లు మార్చి మళ్లీ నొక్కండి. అప్పుడూ అదే దీపమైతే ప్రోగ్రామ్ తిరిగి రాయాల్సిందే. ఒక జట్టు తీగ పొడుగైతే అన్యాయమేమోనని బెంగ అక్కర్లేదు. ఐదు మీటర్లకు ఆలస్యం పాతిక నానోసెకన్లు.

అపోహ: నాకౌట్ పెడితే తొందరగా తేలిపోతుంది.

తేలుతుంది. 24 జట్లకు 23 మ్యాచ్‌లతో సరి. కానీ రెండో అత్యుత్తమ జట్టుకు తొలి మ్యాచ్‌లోనే మొదటి జట్టు తగిలితే అక్కడితో దాని కథ ముగుస్తుంది.

ఆరేసి జట్ల నాలుగు గ్రూపులు చేసి, గ్రూపులో అందరూ అందరితో ఆడాలి. ఒక్కో గ్రూపుకు 15 మ్యాచ్‌లు, మొత్తం 60, ఐదు రౌండ్లు, ఒక్కో రౌండ్‌కు 12 గదులు. 20 టాస్-అప్‌లు (ఎవరు ముందు నొక్కితే వాళ్లు చెప్పే బజర్ ప్రశ్నలు), వాటి బోనస్‌లు ఉన్న మ్యాచ్‌కు గదులు మారే సమయం కలిపి 45 నిమిషాలు కేటాయిస్తే 3 గంటల 45 నిమిషాలు. గ్రూపుకు రెండు చొప్పున ఎనిమిది జట్లతో మరో మూడు రౌండ్లు. జోడీలకు పాత పద్ధతే మేలు: ఒకటో జట్టును కదలకుండా ఉంచి, మిగిలిన ఐదింటినీ ఒక్కో స్థానం తిప్పడం. మొదటి రౌండ్ 1-6, 2-5, 3-4 అయితే రెండోది 1-5, 6-4, 2-3.

ప్రశ్నల లెక్క చూస్తేనే చాలామంది వెనక్కి తగ్గుతారు. ఎనిమిది రౌండ్లకు ఎనిమిది సెట్లు, అదనంగా ఒకటి. అంటే 180 టాస్-అప్‌లు, 540 బోనస్ భాగాలు, కలిపి 720 జవాబులు. గదులు ఆరే ఉంటే జట్లను 12కు తగ్గించండి. ఒకే సెట్‌ను రెండు విడతలుగా ఆడిస్తే ప్రశ్నలు వరండాలోకి వచ్చేస్తాయి.

అపోహ: మంచి క్విజ్ మాస్టర్ ఒక్కరు దొరికితే చాలు.

పన్నెండు గదులంటే చదివేవాళ్లు 12 మంది, స్కోరర్లు 12 మంది, పైన ఫలితాలు ఎక్కించేవాళ్లు ఇద్దరు, అభ్యంతరాలు తేల్చేవాళ్లు ఒకరు. హాస్యం పండించే క్విజ్ మాస్టర్ ఫైనల్‌కు కావాలి. మిగతా గదులకు కావాల్సింది ఒకే వేగంతో స్పష్టంగా చదివేవాళ్లు. సాంకేతిక పదాల ఉచ్చారణ పట్టీ ముందురోజే వాళ్లకు ఇవ్వండి.

అపోహ: బౌన్స్ పద్ధతిలో ఎక్కడ కూర్చున్నా ఒకటే.

ప్రశ్న జట్టు నుంచి జట్టుకు వెళ్లే ఆటలో, బలహీనమైన జట్టు పక్కన కూర్చున్నవాళ్లకు వదిలేసిన ప్రశ్నలు ఎక్కువ దొరుకుతాయి. సీట్లు చీటీలు తీసి నిర్ణయించాలి, సగం ఆట తర్వాత దిశ తిప్పాలి. ప్రశ్న తిరగడం మొదలవ్వకముందే ఏ జట్టయినా జవాబు రాసిచ్చే పౌన్స్ పెడితే పక్షపాతం ఇంకా తగ్గుతుంది. పౌన్స్ చీటీలు తీసుకోవడానికి మాత్రం ఇద్దరు మనుషులు కావాలి.

అపోహ: నెగెటివ్ మార్కులు ధైర్యాన్ని చంపేస్తాయి.

సరైనదానికి 10, ప్రశ్న పూర్తికాకముందు నొక్కి తప్పు చెబితే -5 అన్నది చాలాచోట్ల వాడుకలో ఉన్న లెక్క. దాని ప్రకారం మూడింట ఒక వంతుకు మించి నమ్మకం ఉంటే నొక్కడమే లాభం. ప్రత్యర్థికి మిగతా ప్రశ్న తీరిగ్గా వినే అవకాశం దక్కుతుంది కాబట్టి నిజానికి ఇంకాస్త ఎక్కువ నమ్మకం ఉండాలి. నెగెటివ్ లేకపోతే మొదటి వాక్యానికే గుడ్డిగా నొక్కేస్తారు, పిరమిడ్ శ్రమంతా వృథా.

అపోహ: అభ్యంతరం వస్తే అక్కడికక్కడే తేల్చేయాలి.

ఆట ఆపి సెర్చ్ చేయడం మొదలుపెడితే మిగతా పదకొండు గదులూ వేచి ఉండాలి. అభ్యంతరాన్ని స్కోరు షీట్ మీద ప్రశ్న సంఖ్యతో రాసుకుని ఆట కొనసాగించాలి. మ్యాచ్ అయ్యాక, ఆ పాయింట్లు గెలుపోటములను మార్చేలా ఉంటేనే విచారించాలి. ప్రశ్నే తప్పని తేలితే దాన్ని రద్దుచేసి అదనపు సెట్‌లోంచి ఒకటి అడగాలి. గ్రూపులో రెండు జట్లు సమానంగా నిలిస్తే ముందు వాటి మధ్య జరిగిన మ్యాచ్, తర్వాత మొత్తం పాయింట్లు, అదీ సమానమైతే మూడు టాస్-అప్‌ల చిన్న ఆట. ఈ వరుసను పొద్దున్నే, ఎవరి స్కోరూ ఎవరికీ తెలియకముందే, అచ్చువేసి ప్రతి జట్టు కెప్టెన్ చేతికీ ఇవ్వాలి.