పోయిన బంతికి మూడు నిమిషాలు

విజయనగరం గంటస్తంభం దగ్గర టీ తాగుతూ మేం నలుగురం గంటసేపు వాదించుకున్నది ఒక్క నిమిషం గురించి.

ఆదివారాల్లో తెల్లవారకముందే బయలుదేరి, 60 కిలోమీటర్ల దూరంలోని విశాఖపట్నం వెళ్లి గోల్ఫ్ ఆడి వస్తుంటాం. ఆ రోజు మాలో అందరికన్నా పెద్దవారు, ఉద్యోగ విరమణ చేసిన ఇంజినీరు గారు, కొట్టిన బంతి కుడివైపు గడ్డిలోకి పోయింది. వానలు వెనుకపట్టిన రోజులు. గడ్డి మోకాలి దాకా ఉంది, అడుగున చెమ్మ. ఆటగాడి కర్రల సంచి మోస్తూ సాయపడే క్యాడీ కుర్రాడు ముందుగా పరుగెత్తి, గడ్డిని పాయలు పాయలుగా విడదీస్తూ వెతకడం మొదలుపెట్టాడు. మేమూ వెళ్లి తలో దిక్కు వంగాం. మా వెనక ఆడాల్సిన నలుగురు ఎండలో నిలబడి మా వైపే చూస్తున్నారు. "దొరికింది సార్" అని కుర్రాడు కేక వేసేసరికి నాలుగు నిమిషాలు దాటింది. బంతి మీద ఇంజినీరు గారు పెట్టుకున్న రెండు ఎర్ర చుక్కలు స్పష్టంగా కనిపిస్తున్నాయి. ఐదు నిమిషాలు కాలేదు కాబట్టి ఆ బంతినే ఆడతానన్నారాయన. మూడు దాటితే బంతి పోయినట్టేనని నేనన్నాను.

ఆయన మొండికేయలేదు. ఆట నేర్చుకున్న నాడు పుస్తకంలో ఉన్న మాటే చెప్పారు. 2018 డిసెంబరు 31 దాకా పోయిన బంతిని వెతకడానికి గడువు ఐదు నిమిషాలే. మరుసటి రోజు నుంచి మూడయింది.

గోల్ఫ్ ఆడనివారికి ఇది ఇంత పట్టింపు ఎందుకో ఒక్క మాటలో చెప్పాలి. బంతి పోతే శిక్ష రెండు విధాలుగా పడుతుంది. లెక్కలో ఒక స్ట్రోకు, అంటే ఒక దెబ్బ, అదనంగా కలుస్తుంది, పైగా అంతకుముందు ఎక్కడి నుంచి కొట్టారో అక్కడికే తిరిగి వెళ్లి మళ్లీ కొట్టాలి. మొదటి దెబ్బకే బంతి పోతే, అదే చోట నిలబడి మూడో దెబ్బ కొడుతున్నట్టు లెక్క. దూరమూ పోయింది, స్ట్రోకూ పోయింది. గడువులో ఒక నిమిషం అటూ ఇటూ అయితే పోటీ ఫలితమే మారిపోవచ్చు.

ఈ శిక్ష చాలా పాతది. మనకు తెలిసిన తొలి లిఖిత గోల్ఫ్ నియమాలు 1744 నాటివి. ఎడిన్‌బరో పక్కన లీత్ మైదానంలో వెండి కర్ర బహుమతి పోటీ కోసం అక్కడి ఆటగాళ్లు 13 నియమాలు రాసుకున్నారు. ఎనిమిదోది పోయిన బంతి గురించి. బంతిని ఎవరైనా ఎత్తుకుపోయినా, మరే విధంగా పోయినా, చివరిగా కొట్టిన చోటికి వెళ్లి మరో బంతి వేసుకోవాలి, ఆ దురదృష్టానికి ఎదుటివాడికి ఒక స్ట్రోకు ఇవ్వాలి అని అందులో ఉంది. తప్పు అనలేదు, దురదృష్టం అన్నారు. ఆ ఒక్క మాట కోసం ఆ నియమాన్ని నేను చాలాసార్లు చదువుకున్నాను. అయితే ఎంతసేపు వెతకాలన్నది మాత్రం ఆ 13 నియమాల్లో ఎక్కడా లేదు.

గడువు 1783లో వచ్చింది. స్కాట్లాండ్‌లోనే అబర్డీన్ ఆటగాళ్ల సంఘం తమ నియమాల్లో ఐదు నిమిషాలని రాసుకుంది. అప్పటి బంతి ఎలాంటిదో తెలిస్తే ఆ ఐదు నిమిషాల విలువ అర్థమవుతుంది. తోలు ముక్కలు కుట్టి, చిన్న రంధ్రం వదిలి, ఉడికించిన ఈకలను అందులోకి కూరి కూరి నింపేవారు. తోలు ఆరుతూ బిగుసుకునేది, ఈకలు ఆరుతూ ఉబ్బేవి. ఆ రెంటి ఒత్తిడితో బంతి గట్టిపడేది. చేయి తిరిగిన పనివాడు కూడా రోజంతా కూర్చుంటే కొన్ని బంతులే చేయగలిగేవాడు. అందుకే ధర బాగా ఎక్కువ. వానలో తడిస్తే ఆకారం చెడేది, కుట్టు విడిపోయేది. చౌకగా దొరికే గట్టాపెర్చా బంతి, అంటే మలయా చెట్ల పాలతో చేసినది, 1848 ప్రాంతంలో గానీ రాలేదు.

బంతి చవకైపోయింది కాబట్టి వెతికే సమయాన్ని కుదించారని చాలామంది అనుకుంటారు. మా టీ బల్ల దగ్గరా ఆ మాట వచ్చింది. కానీ బంతి అత్యంత ఖరీదుగా ఉన్న కాలంలోనే అబర్డీన్ వాళ్లు ఐదు నిమిషాలు చాలన్నారు. నాకు అర్థమైనంతలో, ఈ గడువుకు మొదటి నుంచీ బంతి ధరతో పని లేదు. ఆ గడువు ఉన్నది మా వెనక ఎండలో నిలబడ్డ ఆ నలుగురి లాంటివాళ్ల కోసం.

మా విజయనగరంలో బంతి పోవడమంటే క్రికెట్ బంతే. అయోధ్య మైదానంలో కొట్టిన బంతి కాలువలో పడితే అందరూ ఆట ఆపి కాలువ గట్టున చేరడం నా చిన్నతనం నుంచీ చూస్తున్నదే. క్రికెట్‌కు కూడా దీని మీద ప్రత్యేక నియమం ఉండేది. బంతి దొరకడం లేదని ఫీల్డర్ ప్రకటిస్తే బ్యాటింగ్ జట్టుకు ఆరు పరుగులు, లేదా అప్పటికే అంతకన్నా ఎక్కువ పరిగెత్తి ఉంటే ఆ పరుగులు. 2017 నియమావళిలో దాన్ని తీసేశారు. ఇప్పుడు అంపైర్ డెడ్ బాల్ అంటే సరిపోతుంది. క్రికెట్‌లో అందరిదీ ఒకే బంతి. గోల్ఫ్‌లో ఎవరి బంతి వారిది, పోగొట్టుకున్నవాడి నష్టం వాడిదే. అందుకే అక్కడ నిమిషాలు లెక్కపెట్టక తప్పలేదు.

నిమిషాల లెక్క ఎంత సున్నితమో 1998 బ్రిటిష్ ఓపెన్ గోల్ఫ్ పోటీ చూపించింది. ఇంగ్లండ్‌లోని రాయల్ బర్క్‌డేల్ మైదానంలో మూడో రోజు ఆరో హోల్ (గుంట) ఆడుతుండగా అమెరికా ఆటగాడు మార్క్ ఒమీరా బంతి జనం తొక్కిన పొదల్లోకి పోయింది. వెతికి వెతికి, మరో బంతి కొట్టడానికి ఆయన వెనక్కి నడిచాడు. ఇంతలో ఒక ప్రేక్షకుడు తీసిన బంతి ఆయనదేనని తేలింది. ఐదు నిమిషాల లోపు దొరికితే చాలు, అది తనదో కాదో గుర్తించడానికి తగిన వ్యవధి వేరుగా ఇవ్వాలని అధికారులు తేల్చారు. ఆ ఓపెన్ ఆయనే గెలిచాడు. ఈ సూత్రం నేటికీ అంతే: మూడు నిమిషాల్లో బంతి కంటపడితే, దగ్గరికి వెళ్లి గుర్తుపట్టేందుకు పట్టే సమయం అందులోకి రాదు.

మూడు నిమిషాల ప్రతిపాదనను గోల్ఫ్ నియమాలు రాసే రెండు సంస్థలు, స్కాట్లాండ్‌లో సెయింట్ ఆండ్రూస్‌లోని ఆర్ అండ్ ఏ, అమెరికాలోని యూఎస్‌జీఏ, 2017 మార్చిలో బయటపెట్టి అభిప్రాయాలు అడిగాయి. ఉద్దేశం ఆట వేగం పెంచడం. మొదటి కొద్ది నిమిషాల్లో దొరకని బంతి తర్వాత దొరకడం అరుదు అన్నది వారి వాదన. వేలమంది కళ్లు కాపలా కాసే పెద్ద ఆటగాడికి ఈ మార్పు పెద్దగా తగలదు. చూసేవారెవరూ లేని మాలాంటి వాళ్లకే తగిలింది. ఈ బాధ నాకు ఉంది, దాచుకోను. అయినా మార్పు సరైనదేననుకుంటాను, ఎందుకంటే దానితోపాటు మరికొన్ని సడలింపులూ వచ్చాయి. వెతికేటప్పుడు పొరపాటున కాలు తగిలి మన బంతి కదిలితే పూర్వం శిక్ష ఉండేది, ఇప్పుడు లేదు. బంతిని తిరిగి దాని చోటనే పెడితే చాలు. గడ్డిలో భయపడుతూ అడుగు వేయనక్కర్లేదు. క్లబ్ ఆటల్లో వెనక్కి నడిచే పని లేకుండా, రెండు స్ట్రోకులు శిక్షగా తీసుకుని బంతి పోయిన ప్రాంతం దగ్గరే మరో బంతి వేసుకునేందుకు స్థానిక నియమం పెట్టుకునే వీలు కూడా కల్పించారు. ప్రొఫెషనల్ పోటీలకు అది వద్దన్నారు.

అసలు తగవు గడియారం ఎప్పుడు మొదలవుతుందన్న దాని దగ్గరే. ఆటగాడు గానీ అతని క్యాడీ గానీ వెతకడం మొదలుపెట్టిన క్షణం నుంచే లెక్క. ప్రేక్షకులు ముందే వెతుకుతున్నా అది లెక్కలోకి రాదు. అంటే ఆ రోజు మేం నెమ్మదిగా నడిచి వస్తున్నంతసేపూ, ముందు పరుగెత్తిన కుర్రాడు ఇంజినీరు గారి గడువునే ఖర్చు పెట్టాడు. పాపం, సాయం చేద్దామనే పరుగెత్తాడు. నేనొచ్చేదాకా ఆగు బాబూ అని ముందే చెప్పే హక్కు ఆటగాడికి ఉందని అతనికీ తెలియదు, మాలోనూ ఒక్కరికే తెలుసు.

ఇంజినీరు గారు టీ గ్లాసు పక్కన పెట్టి ఇదంతా ఓపిగ్గా విన్నారు. ఆ హోల్ స్కోరు కొట్టేయమన్నారు. తర్వాతి ఆదివారం అదే చోట ఆయన బంతి మళ్లీ కుడివైపే వెళ్లింది. గడ్డి వైపు ఒక్క అడుగూ వేయకుండా సంచిలోంచి మరో బంతి తీసి, "ఇది ప్రొవిజనల్" (మొదటిది దొరక్కపోతేనే లెక్కకొచ్చే బంతి) అని అందరికీ వినపడేలా చెప్పి కొట్టారు. తర్వాత క్యాడీని పక్కనే నడిపించుకుంటూ బయలుదేరారు. మొదటి బంతి రెండు నిమిషాల్లోపే దొరికింది.