తాత కట్టిన గోడ, కొడుకు పోసిన స్లాబు: పాత ఇల్లు కొనేవారి అపోహలు - వాస్తవాలు

చిక్కడపల్లి, నల్లకుంట, వారాసిగూడ, ముషీరాబాద్ లాంటి చోట్ల ఎనభై, వంద గజాల్లో పాత ఇల్లు అమ్మకానికి వచ్చిందంటే ముందు బ్రోకర్ చూస్తాడు, ఆ తర్వాత బావమరిది చూస్తాడు, ఆపైన వాస్తు చూసే ఆయన వస్తాడు. అడ్వాన్సు ఇచ్చేశాక నాకు ఫోన్ వస్తుంది. "సార్, ఒకసారి వచ్చి చూసి, బాగుందని చెప్పండి" అంటారు. నేను స్ట్రక్చరల్ ఇంజినీర్ని. హైదరాబాద్ నడిబొడ్డు గల్లీల్లో పాత ఇళ్లు తట్టి చూసి చెప్పడం ఇరవై ఏళ్లుగా నా పని. కొత్త ఫ్లాటు ధర అందక ఇటు వచ్చేవాళ్లే ఎక్కువ. ప్రతి ఇంట్లోనూ దాదాపు అవే నమ్మకాలు వింటుంటాను.

అపోహ: అరవై ఏళ్లు దాటిన ఇల్లు, ఇంక కూల్చుకోవాల్సిందే.

ఇంట్లో ఏ భాగానికి అరవై ఏళ్లు అన్నది నా మొదటి ప్రశ్న. ఈ పేటల్లో ఒకే ఇంట్లో మూడు వయసులు ఉంటాయి. ముందు హాలు, రెండు గదులు తాత కట్టించినవి: గుండ్రాయి, డంగు సున్నంతో అడుగున్నర మందం గోడలు, పైన ఇనుప గర్డర్ల మధ్య ఇటుక కమానులు, లేకపోతే టేకు దూలాల మీద ఇటుకలు పేర్చి సున్నం కంకర దిమ్మిస కొట్టిన మద్రాసు మిద్దె. వెనక వంటిల్లు, మెట్ల గది కొడుకు 1980 ప్రాంతంలో కలిపినవి. పైన రేకుల గది, దాని పక్కన బాత్రూమ్ మనవడి పని.

చూడ్డానికి వచ్చినవాళ్లు తాత గోడను చూసి భయపడతారు. కొడుకు పోసిన స్లాబు కింద నిలబడి "ఇది మాత్రం గట్టిగా ఉంది, సిమెంటుది" అంటారు. నాకు భయం ఆ స్లాబంటేనే. ఆ రోజుల్లో ఎక్కువగా వాడింది మెలి తిప్పిన టార్ స్టీలు. బలం బాగానే ఉన్నా తుప్పుకు తొందరగా లొంగుతుంది. పైగా చేత్తో కలిపిన కాంక్రీటు, లెక్కలేకుండా పోసిన నీళ్లు. చువ్వ కింద ముప్పావు అంగుళం కాంక్రీటు ఉండాల్సిన చోట పావు అంగుళం కూడా ఉండదు. కాంక్రీటులోని క్షారగుణం ఉన్నన్నాళ్లు చువ్వకు తుప్పు పట్టదు. గాలిలోని బొగ్గుపులుసు వాయువు ఏళ్ల తరబడి లోపలికి ఇంకుతూ ఆ క్షారాన్ని తినేస్తుంది. అది చువ్వ దాకా చేరిందా, దానికి చెమ్మ తోడైందా, తుప్పు మొదలవుతుంది. తుప్పుకు అసలు ఇనుము కంటే రెండింతలకు పైగా చోటు కావాలి. ఆ ఒత్తిడికే కింద కాంక్రీటు పెళ్లలుగా రాలేది.

చిన్న పరీక్ష ఒకటుంది. పెళ్ల రాలిన చోట కాస్త తాజాగా చెక్కి ఫినాఫ్తలీన్ ద్రావణం చల్లుతాను. గులాబీ రంగు తేలితే క్షారం ఇంకా మిగిలి ఉన్నట్టు. రంగు మారకపోతే అక్కడి చువ్వకు రక్షణ పోయినట్టే. ఇంటివాళ్లందరూ చుట్టూ మూగి చూస్తారు. అమ్మేవాడి మొహం కూడా అప్పుడే రంగు మారుతుంది.

తాత గోడ మాత్రం తడవకుండా ఉంటే ఇంకో తరం నిలుస్తుంది. హైదరాబాద్ కింద గట్టి గ్రానైటు నేల, భూకంప పటంలో ముప్పు తక్కువగా ఉండే రెండో జోన్. ఆ పేరు మీద భయపెట్టి కూల్చమనేవాళ్లను నేను పెద్దగా నమ్మను.

అపోహ: మిద్దె కారితే పైన ఇంకో పూత సిమెంటు వేస్తే సరి.

ఇక్కడ కొంచెం ఆగాలి. నేను చూసిన ప్రమాదాల్లో ఎక్కువ భాగం దీంతోనే మొదలయ్యాయి. వాన పడింది, కారింది, మేస్త్రీని పిలిచారు, రెండంగుళాలు సిమెంటు పరిచాడు. అయిదేళ్లకు మళ్లీ కారింది, మళ్లీ రెండంగుళాలు. అలా ముప్పై ఏళ్లు. రెండంగుళాల సిమెంటు పొర చదరపు మీటరుకు నూట పది కిలోల పైన తూగుతుంది. ఇంట్లో మనుషులు, సామాను కోసం మా కోడ్ లెక్కగట్టే బరువు చదరపు మీటరుకు 200 కిలోలు, మనుషులు ఎక్కే మిద్దెకు 150. మూడు పొరలు వేశారంటే ఎవరూ ఎక్కకముందే మిద్దెకున్న ఆ 150 లెక్క రెండింతలు దాటింది. దానిమీద వెయ్యి లీటర్ల ట్యాంకు పెడితే ఇంకో టన్ను.

ముషీరాబాద్‌లో ఒక ఇంట్లో వాన నీటి తూములోంచి టేపు పెట్టి కొలిచాను. ఐదంగుళాలు ఉండాల్సిన స్లాబు పదకొండు అంగుళాలు వచ్చింది. ఇల్లు కొనబోయే ఆయన రిటైరైన ఆర్టీసీ డ్రైవరు. "అయితే గట్టిగా ఉన్నట్టే కదా సార్?" అన్నాడు. బస్సు మీద ఇంకో బస్సు ఎక్కించినట్టుంది అన్నాను. మళ్లీ అడగలేదు. మిద్దె మందం తెలుసుకోవడానికి తూమే మంచి కిటికీ, ఎవరినీ ఏదీ పగలగొట్టమని అడగక్కర్లేదు.

అడుగు పొర దాకా చెక్కి, వాలు సరిచేసి, ఒకే ఒక్క పూత సరిగ్గా వేయాలి. చెక్కే కూలీ, డెబ్రిస్ ఎత్తే ఖర్చు ఎక్కువే. గల్లీలోకి ట్రాక్టర్ రాకపోతే తట్టల్లోనే మోయాలి. బేరం ఆడేటప్పుడు ఈ ఖర్చు లెక్కలో ఉండాలి.

అపోహ: గోడకు చెమ్మ ఉంటే వాటర్‌ప్రూఫ్ రంగు, లేదంటే నడుం ఎత్తు టైల్స్.

గుమ్మం మెట్లు లెక్కపెట్టండి. పాత ఇంటికి వీధి నుంచి పైకి మూడు మెట్లు ఉండేవి. పాత రోడ్డు తవ్వకుండా దాని మీదే కొత్త సీసీ రోడ్డు, మళ్లీ దాని మీద ఇంకోటి పోసుకుంటూ పోయారు. ఇప్పుడు వీధిలోంచి ఇంట్లోకి ఒక మెట్టు దిగాల్సిన ఇళ్లు ఎన్నో. ఆ ఇంటి గోడ అడుగు భాగం వీధి మట్టంలో, మోరీ పక్కనే నానుతూ ఉంటుంది. పాత కట్టడాల్లో చెమ్మను ఆపే పొర ఉండదు. నేల తడిని గోడ ఒత్తిలాగా పైకి పీలుస్తుంది. తడి ఆరిపోయిన చోట ఉప్పు మిగిలి తెల్లగా పూస్తుంది.

సున్నం గోడ ఆ తడిని బయటికి వదులుతుంది. దానిమీద సిమెంటు ప్లాస్టరో, ఆయిల్ పెయింటో, టైల్సో వేస్తే తడికి దారి మూసుకుపోతుంది. మీటరు ఎత్తు దగ్గర ఆగాల్సిన చెమ్మ టైల్స్ దాటి ఆరడుగుల దాకా ఎక్కుతుంది. అందుకే టైల్స్ అంచు పైన ప్లాస్టర్ ఉబ్బిందా అని అరచేత్తో రాసి చూస్తాను. ఇంటి నిండా కొత్త రంగు వాసన వస్తుంటే ఇంకా జాగ్రత్తగా చూస్తాను. అమ్మే ముందు వేసిన రంగు పెళ్లిచూపుల పౌడర్ లాంటిది.

మందు చాలాసార్లు గోడకు బయటే ఉంటుంది: పగిలిన డ్రైనేజీ పైపు మార్చడం, గోడ పక్క నేల దించడం, సిమెంటు ఊడదీసి మళ్లీ సున్నం పూయడం. సున్నం పని తెలిసిన మేస్త్రీలు ఇప్పుడు తక్కువ, కూలీ ఎక్కువే అడుగుతారు. రసాయనం ఎక్కించి చెమ్మ ఆపే పద్ధతి ఉంది కానీ గుండ్రాయి గోడలో అది అంత నమ్మకంగా పట్టదు.

అపోహ: పగులు కనబడితే ఇల్లు కొనకూడదు.

పగులు ఎటు పోతోందో చూడాలి. ప్లాస్టర్ మీద వలలా అల్లుకున్న సన్నటి గీతలు పట్టించుకోనక్కర్లేదు. స్లాబుకు, గోడకు మధ్య అడ్డంగా పోయే గీత ఎండకు స్లాబు సాగి ముడుచుకోవడం వల్ల వచ్చేది. వికారంగా ఉంటుంది, అంతే. కిటికీ మూల నుంచి ఏటవాలుగా, మెట్లుమెట్లుగా దిగి కింద సన్నగా పైన వెడల్పుగా ఉన్న పగులు మాత్రం పునాది ఒక పక్క కుంగిందని చెబుతుంది. అది పాత కుంగుబాటా, ఇప్పటికీ కుంగుతోందా తెలియాలంటే పగులుకు అడ్డంగా సన్నని గాజుముక్క అతికించి తేదీ రాసి, ఒక వానాకాలం ఆగాలి. గాజు పగిలితే ఇంకా కదులుతున్నట్టు. అంత ఓపిక కొనేవాళ్లకు ఉండదు, అమ్మేవాళ్లకు అసలే ఉండదు. అలాంటప్పుడు పగులు లోపలి దుమ్ము, బూజు, పాత రంగు చూసి అంచనా వేస్తాం.

పేట పేరు కూడా ఒక ఆధారమే. నల్లకుంట, బతుకమ్మకుంట, మాసబ్ ట్యాంక్ అన్న పేర్లు ఊరికే రాలేదు. గ్రానైటు నేల అన్నాను కానీ, చెరువు పూడ్చిన చోట పైన ఉండేది పూడిక మట్టి. అలాంటి చోట పునాది ఎంత లోతు పోయిందో ఒక మూల తవ్వి చూడకుండా నేను సంతకం పెట్టను.

అపోహ: ఇంటి పన్ను, కరెంటు బిల్లు వాళ్ల పేరు మీదే ఉన్నాయి, కాగితాలు ఉన్నట్టే.

నేను వకీలును కాను. అయినా మెట్లెక్కే ముందు కాగితాలు అడుగుతాను, ఎందుకంటే గోడకు మరమ్మతు ఉంటుంది కానీ హక్కు లేని కాగితానికి ఉండదు. పన్ను రసీదు పన్ను కట్టినట్టు చెబుతుందే తప్ప యజమాని ఎవరో తేల్చదు. జీపీఏ (తన తరఫున వ్యవహరించే అధికారం ఇంకొకరికి ఇచ్చే పత్రం), అగ్రిమెంటు కాగితాలతో ఇంటి మీద హక్కు రాదని 2011లోనే సుప్రీంకోర్టు తేల్చింది. నోటరీ కాగితం సంగతి కూడా అంతే. ఆన్‌లైన్‌లో ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల చిట్టా) 1983 నుంచి దొరుకుతుంది. 1955లో కట్టిన ఇంటికి అది సగం కథే, మిగతాది సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు పాత పుస్తకాల్లో వెతికించాలి. రిజిస్ట్రేషన్ చేయకూడని ఆస్తుల నిషేధిత జాబితా కూడా చూడాలి. ఈ పేటల్లో వక్ఫ్, దేవాదాయ భూములు ఇళ్ల మధ్యే కలిసిపోయి ఉంటాయి.

ఎక్కువగా బోల్తా కొట్టించేది ఆడపిల్లల సంతకం. "చెల్లెళ్లకు పెళ్లప్పుడే ఇచ్చేశాం" అంటాడు అన్న. పిత్రార్జితంలో కూతురికి వాటా అన్నది 2005లో దేశమంతా వచ్చింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మాత్రం 1985 సెప్టెంబరు నాటికి పెళ్లికాని ఆడపిల్లలకు అప్పటి నుంచే ఆ వాటా ఉంది. అమెరికాలో ఉన్న చెల్లెలు సంతకం పెట్టని ఇల్లు ఎంత చవకైనా నాకు చూపించొద్దని చెబుతాను.

అపోహ: ఇల్లు పోతే పోయింది, స్థలం ధరకే వస్తోంది, కూల్చి మూడంతస్తులు వేసుకోవచ్చు.

లెక్క వేద్దాం. 20 అడుగుల ముఖం, 45 అడుగుల లోతు, అంటే సరిగ్గా 100 గజాలు. ముందు గల్లీ 12 అడుగులు. కొత్త ఇంటి పర్మిషన్‌కు అక్కడ కనీసం 20 అడుగుల రోడ్డు కావాలనుకున్నా, మధ్య నుంచి పది అడుగులు కొలిస్తే మన స్థలంలో నాలుగడుగులు రోడ్డుకు పోతాయి. దాదాపు 9 గజాలు. 30 అడుగులు అడిగితే 20 గజాలు. 2012 నాటి జీవో 168 ప్రకారం ఇంటి ముందు వదలాల్సింది దీనికి అదనం. పాత ఇల్లు గల్లీ అంచు దాకా ఉంది కాబట్టి కొత్తదీ అక్కడిదాకా వస్తుందని అనుకోవద్దు. కూలిస్తే చిన్నదైపోయే ఇల్లు ఇది. చాలా సందర్భాల్లో బాగుచేసుకుని ఉండటమే లాభమని నేను చెప్పేది అందుకే.

పక్కింటితో ఉమ్మడి గోడ ఉంటే కూల్చడమే ఒక తగువు. వాళ్ల దూలాలు ఆ గోడ మీదే ఆని ఉంటాయి. అద్దెకున్నవాళ్లు ఉంటే ఇంటితో పాటు వాళ్లు కూడా మీకే వస్తారు. ఖాళీ చేయించి ఇచ్చాకే రిజిస్ట్రేషన్ అనండి.

చెద గురించి భయం ఎక్కువ, నిజానికి టేకు దూలానికి చివర్లలో, గోడలోకి దూరిన చోట స్క్రూడ్రైవరు గుచ్చి చూస్తే చాలు. వైరింగు గురించి భయం తక్కువ, ఉండాల్సింది అక్కడే: చెక్కపట్టీ మీద పాత వైర్లు, ఎర్తింగ్ లేని ప్లగ్గులు, వాటికే రెండు ఏసీలు. అది మొత్తం మార్చాల్సిందే, బేరం లేదు.

ఇంకొక్కటి. ఎండాకాలంలో చూసి అడ్వాన్సు ఇవ్వకండి. గట్టి వాన పడ్డ సాయంత్రం, బ్రోకర్‌కు చెప్పకుండా, ఆ గల్లీకి వెళ్లండి. 2020 అక్టోబరు వానకు నీళ్లు ఎంతదాకా వచ్చాయో మూలమీది కిరాణా కొట్టు ఆయన్ని అడగండి. గోడ మీద చెయ్యి పెట్టి మరీ చూపిస్తాడు.