పట్టుకున్నాడు కదా మావా!

2014 ఎండాకాలంలో మా అక్క కొడుకుని వెంటబెట్టుకుని నెల్లూరులో ‘ది అమేజింగ్ స్పైడర్‌మ్యాన్ 2’ మ్యాట్నీకి వెళ్లాను. వాడప్పుడు ఎనిమిది పాసై తొమ్మిదిలోకి వచ్చాడు. చివర్లో గడియారం గోపురంలో స్పైడర్‌మ్యాన్ ప్రియురాలు గ్వెన్ స్టేసీ పైనుంచి పడిపోతుంది. స్పైడర్‌మ్యాన్ వదిలిన సాలె దారం ఆమెను అందుకుంటుంది. పిల్లకాయలు ఈలలు వేశారు. ఆమె ఇక లేవదని తెలిశాక హాలంతా చప్పున చల్లబడిపోయింది. ట్రంకు రోడ్డు మీదకి వచ్చేదాకా మావాడు నోరు విప్పలేదు. ఆ తర్వాత అడిగాడు: “పట్టుకున్నాడు కదా మావా, మళ్లా ఎందుకు చచ్చిపోయింది?”

ఇదే ప్రశ్న 1973లో అమెరికా పాఠకులూ అడిగారు. ఆ ఏడాది జూన్ తేదీతో వచ్చిన ‘అమేజింగ్ స్పైడర్‌మ్యాన్’ బొమ్మల కథల (కామిక్) పుస్తకం 121వ సంచికలో గ్వెన్ వంతెన మీద నుంచి పడుతుంది. దారం ఆమె కాలికి అంటుకుంటుంది. కింద నీళ్లు ఆమెకు తగలనే లేదు. కానీ ఆ బొమ్మలో మెడ పక్కన చిన్న అక్షరాలతో ‘స్నాప్’ అని, అంటే పుటుక్కున విరిగిన చప్పుడని, రాసి ఉంటుంది. ఆమెను చంపింది పడిపోవడమా, పట్టుకోవడమా అని ఉత్తరాలు వెల్లువెత్తాయి. ఉన్నట్టుండి ఆపిన కుదుపే చంపిందని చివరకు సంపాదకులే ఒప్పుకున్నారు.

మావాడికి జవాబు చెప్పడానికి నాకు పుస్తకం అక్కర్లేకపోయింది. రోడ్డు పక్కనే లారీలోంచి పుచ్చకాయలు దింపుతున్నారు. పైనున్న మనిషి కాయ విసురుతున్నాడు. కిందున్నతను దాన్ని రెండు చేతులతో అందుకుని, మోకాళ్లు వంచి, పొట్ట దాకా తనతోపాటే కిందికి తీసుకుపోతున్నాడు. “చేతులు బిగబట్టి పట్టుకుంటే ఏమవుద్ది అబ్బయ్యా?” అన్నాను. “పగిలిపోద్ది” అన్నాడు.

గాల్లో ఉన్నంతసేపు పడే మనిషికి ఏ దెబ్బా తగలదు. ప్రమాదమంతా ఆగే చోటే ఉంది. దీనికి ఎవరైనా వేసుకోగల లెక్క ఒకటుంది. గాలి నిరోధాన్ని పక్కన పెట్టి, పడిన ఎత్తుని ఆగడానికి పట్టిన దూరంతో భాగించండి. ఒంటి బరువుకి సుమారు ఎన్ని రెట్ల కుదుపు తగిలిందో వస్తుంది. కాయ మీటరు ఎత్తు నుంచి పడి, చేతుల్లో అరమీటరు దూరంలో ఆగితే రెండు రెట్లు. అదే 5 సెంటీమీటర్లలో ఆగితే ఇరవై రెట్లు.

ఇప్పుడు గ్వెన్ సంగతి. మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రం చెప్పే జేమ్స్ కకాలియోస్ ఈ లెక్క వేశారు. ఆమె సుమారు 300 అడుగులు, అంటే 90 మీటర్లు పడిందనుకున్నారు. అప్పటికి వేగం గంటకు 150 కిలోమీటర్లు. అరసెకనులో ఆగిందనుకుంటే ఆగే దూరం దాదాపు పది మీటర్లు. తొంభైని పదితో భాగిస్తే తొమ్మిది, మామూలుగా ఉండే బరువు ఒక రెట్టు కలిపితే పది. అయిదు కిలోల తల ఒక్క క్షణం యాభై కిలోలై మెడకు వేలాడిందన్నమాట.

పది రెట్లకే మనిషి చచ్చిపోతాడా అంటే, అలా అని లేదు. 1954 డిసెంబరు 10న జాన్ పాల్ స్టాప్ అనే అమెరికా వైమానిక దళ వైద్యుడు రాకెట్ బండిలో కూర్చుని గంటకు వెయ్యి కిలోమీటర్లు దాటిన వేగం నుంచి 1.4 సెకన్లలో ఆగాడు. కుదుపు ఒక దశలో 46 రెట్లకు చేరింది. కళ్లలో రక్తం కమ్మింది గానీ బతికాడు. ఆయన ఒళ్లంతా పట్టీలతో సీటుకి బిగించి ఉంది, బలం ఒంటినిండా పంచుకుపోయింది. గ్వెన్‌ని పట్టుకున్నది ఒక్క కాలి దగ్గర. కాలు ఆగిపోయింది, తల ఆగలేదు.

అసలు సాలీడు ఇలా చెయ్యదు. అది వేలాడే దారం తెగేలోపు దాదాపు మూడోవంతు సాగుతుంది. పురుగుల్ని పట్టే జిగురు దారమైతే రెట్టింపు కన్నా ఎక్కువే సాగుతుంది. ఈగ గుద్దుకుంటే గూడు లోపలికి వంగి, ఆ ఊపులో ఎక్కువ భాగాన్ని వేడిగా మార్చేస్తుంది. రబ్బరులా వెనక్కి తన్నితే ఈగ ఎగిరి బయట పడేది. పెరట్లో పొద్దున్నే చూడండి, ఈ పని కళ్లముందే జరుగుతుంది. నన్నడిగితే కామిక్స్‌లో ఏ శక్తికన్నా ఇదే గొప్ప.

హెల్మెట్ లోపలి థర్మోకోల్ చేసేదీ ఇదే. మనిషి నిలువెత్తు నుంచి, ఒకటిన్నర మీటరు ఎత్తులోంచి తల రోడ్డుకి కొట్టుకుంటే ఆగడానికి రెండు మూడు మిల్లీమీటర్లే దొరుకుతుంది. కుదుపు అయిదువందల రెట్లు దాటిపోతుంది. థర్మోకోల్ రెండు సెంటీమీటర్లు నలిగితే అది డెబ్బై అయిదుకి దిగుతుంది. ఒకసారి నలిగింది మళ్లీ నలగదు కాబట్టి దెబ్బ తిన్న హెల్మెట్‌ని మార్చేయాలి. ఒంగోలు వైపు హైవే మీద హెల్మెట్‌ని హ్యాండిల్‌కి తగిలించుకుని పోయే కుర్రాళ్లని చూస్తే నాకు భయమేస్తుంది.

మావాడు ఆ రాత్రంతా ఆలోచించినట్టున్నాడు. పొద్దున్నే వచ్చి, “వాడు కూడా దూకాలి మావా. పక్కకొచ్చి నడుం పట్టుకోవాల. అప్పుడు దారం వేసి ఇద్దరూ ఉయ్యాల ఊగాల” అన్నాడు. నాకు ఎంత సంతోషమేసిందో! ఇద్దరి వేగమూ ఒకటైతే పట్టుకోవడంలో కుదుపే ఉండదు. ఉయ్యాల వంపులో వేగం ఒక్కసారిగా ఆగిపోదు, మెల్లగా దిశ మారుతుంది. కాగితం తీసుకున్నాం. 45 మీటర్లు పడ్డాక, తమకు సమానమైన ఎత్తులో పక్కనున్న స్తంభానికి 45 మీటర్ల దారం బిగిసిందనుకున్నాం. మిగతా 45 మీటర్లూ ఊగుతూ దిగితే, వంపు అడుగున పడే బలం ఒంటి బరువుకి అయిదు రెట్లు వచ్చింది. పదికి సగం, అదీ నడుం దగ్గర.

వాడు రెండుసార్లు సరిచూసుకుని, “బతుకుద్ది మావా” అన్నాడు.